రెక్క పీకితే అశ్వశక్తి రాదు

పాత మజ్దా మియాటా (1989–93, 1.6 లీటర్లు) గాలిమీటరులోని రెక్కను నిందించి, వేడితీగ సెన్సరు తగిలిస్తే చాలు బలం పెరుగుతుందని బోధించే మిత్రులతో నాకు పేచీ. స్ప్రింగును నెట్టుకొని తెరుచుకునే రెక్క గాలి ఘనపరిమాణాన్ని తెలుపుతుంది. తీగ ద్రవ్యరాశినే తెలుపుతుంది. మేలైనదే, కాదనను. కాని రెక్క భాష నేర్చిన కంప్యూటరుకు తీగ పలుకు అర్థమవుతుందా? ఉత్పలమాలను చంపకమాలగా మార్చి, యతిని పదో అక్షరానే నిలిపినట్లుంది! పద్యమైతే చెవికే బాధ. ఇక్కడ పెట్రోలు చాలక పిస్టనే కరిగిపోవచ్చు. పైగా పెట్రోలు పంపును నడిపే మీట ఆ రెక్క దగ్గరే ఉంది. 1994 మోడలులో తీగ పెట్టిన మజ్దావారు ఇంజినును 1.8 లీటర్లు చేశారు, కంప్యూటరునూ మార్చారు. ఆ ముక్క దాచి సెన్సరొక్కటే అంటగట్టడం ఏ న్యాయం?