చెట్టెక్కడుందని అడిగితే తప్పేంటి?

మన ఐటీ జనాలకి గత పదిహేనేళ్ళుగా ఒక సరదా పట్టుకుంది. బీరు తాగడం కాదు, అది పాతదే. బీరు ఎలా తయారవుతుందో చూడ్డానికి పోవడం! బెంగుళూరు ఇందిరానగర్లో 2010లో టాయిట్ తెరిచిన దగ్గర్నుంచి మొదలయ్యింది ఇది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకి రూల్సు తెచ్చాక హైదరాబాద్ కీ పాకింది. ఇక అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. షార్లెట్ లో ఉండే మనోళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే చాలు, ఆష్‌విల్ కొండల్లోకి బండి కడతారు. ఆ పక్కనే మిల్స్ రివర్ లో సియెరా నెవాడా వాళ్ళ బ్రూవరీ ఉంది. టూర్లు, ఫొటోలు, టీషర్టులు... అన్నీ అయ్యాకే ఇంటికి.

ఇలాంటి టూర్లలో మనోళ్ళని చూడాలి. మాల్టు గింజలు చేతిలో పోస్తే నములుతారు. హాప్స్ నలిపి వాసన చూస్తారు. చెయ్యెత్తి మరీ అడుగుతారు. ఏ యీస్టు వాడతారు? ఎన్ని డిగ్రీల దగ్గర? ఎన్ని రోజులు? నీళ్ళెక్కడివి? మంచిదే. తాగేది ఏంటో తెలుసుకోవడం తాగేవాడి హక్కు.

అదే మనిషి పండక్కి ఊరికొస్తాడు. కోరుట్లలోనో జగిత్యాలలోనో సిరిసిల్లలోనో కల్లు దుకాణం ముందు కారు ఆపుతాడు. అద్దం దించి "అన్నా, ఐదు సీసలియ్యి" అంటాడు. ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగడు!

నా కోపం అంతా ఇక్కడే.

అసలు కల్లుని మించిన క్రాఫ్ట్ డ్రింక్ ఏముందండీ? ఈతచెట్టుకో తాటిచెట్టుకో గీత పెట్టి లొట్టి కడితే తీపి నీరా దిగుతుంది. గాల్లో, లొట్టిలో ఉండే యీస్టూ బాక్టీరియా వాటంతటవే పని మొదలుపెడతాయి. ఎవడూ ప్యాకెట్ చించి యీస్టు వెయ్యడు. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాల్ వస్తుంది, అంటే దాదాపు బీరంత. ఇంకో రోజు ఉంచితే పుల్లగా వెనిగర్ దారి పడుతుంది. బ్రస్సెల్స్ లో కాంటియోన్ అని 1900లో పెట్టిన బ్రూవరీ ఉంది. వాళ్ళు కూడా బయటి యీస్టు వెయ్యరు, గాలికి వదిలేస్తారు. లాంబిక్ బీరంటే అదే. ఆ బ్రూవరీయే ఇప్పుడొక మ్యూజియం, జనం టికెట్ కొనుక్కుని మరీ చూస్తారు. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో తన జాబితాలో పెట్టుకుంది. మన గీత కార్మికుడు అదే పనిని మోకూ ముస్తాదూ కట్టుకుని ప్రాణాలకి తెగించి చెట్టెక్కి చేస్తుంటే మాత్రం మనకది "లోకల్ సరుకు".

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు రెండు చోట్లకి వెళ్ళాను. మొదటిది మెట్‌పల్లి దారిలో ఒక పల్లె. నా చిన్నప్పటి దోస్తు వాళ్ళ నాన్న ఈతచెట్లు గీస్తాడు. పొద్దున్నే వెళితే మా ముందే లొట్టి దించి, పైన పడ్డ తేనెటీగలు తీసేసి వంచాడు. "నిన్న పొద్దుమీకి కట్టిన లొట్టి కొడకా ఇది. ఎండెక్కకముందే తాగాలె. పగటీలికి పులుస్తది, రేపటికి సిర్కయితది" అన్నాడు. ఇంతకంటే మంచి బ్రూవరీ టూర్ ఎక్కడుంది? ఇంకొంచెం పొయ్యమంటే "ఒడిసింది బిడ్డా, ఇగ రేపే" అన్నాడు.

రెండోది పట్నంలో ఒక దుకాణం. పేరూ ఊరూ అనవసరం. రాత్రి ఎనిమిదయ్యింది. డబ్బాల మీద డబ్బాలు సీసాలు దిగుతూనే ఉన్నాయి. "అన్నా, ఇది ఏ ఊరి చెట్లది?" అని అడిగా. "ఏందన్నా, ఎక్సైజోళ్ళా మీరు? తాగితే తాగుండ్రి, లేకుంటే లేదు" అన్నాడు.

తేడా గమనించారా? చెట్టు దగ్గర కల్లు అయిపోతుంది. దుకాణంలో అయిపోదు. చెట్టు ఇచ్చేది రోజుకి కొన్ని లీటర్లు, అదీ సీజన్లోనే. ఈ లెక్క తెలియడానికి డేటా సైంటిస్ట్ అవ్వక్కర్లేదు. ఇన్‌పుట్ కంటే అవుట్‌పుట్ ఎక్కువుంటే మధ్యలో ఏదో కలుస్తోందని అర్థం. నీళ్ళు, చక్కెర, శాకరిన్ తో ఆగితే ఎవడూ ఏడవడు. వాటితో మత్తు రాదు కదా? అందుకని క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం. జనం "మందు కల్లు" అనేది దీన్నే.

ఇవి ఏంటో తెలుసా? రాత్రి నిద్ర పట్టనివాళ్ళకి డాక్టర్ చీటీ మీద మిల్లీగ్రాముల్లో ఇచ్చే మందులు. ఆల్కహాల్ తో కలిస్తే ఊపిరి తగ్గిస్తాయి. అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ తెప్పిస్తాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకులతో, పిచ్చి మాటలతో ఆసుపత్రులకి పరిగెత్తారు. కల్లు మానేస్తే రావలసిన లక్షణాలా అవి? 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి దగ్గర కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అదే సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఒక స్కూలు భవనంలోనే అల్ప్రాజోలం తయారీ బయటపడింది. పిల్లలు కింద చదువుకుంటుంటే పైన ఫ్యాక్టరీ!

మనం పండక్కి ఐదు సీసాలు తాగి వెళ్ళిపోతాం. సిరిసిల్లలో పన్నెండు గంటలు మరమగ్గం మీద నిలబడ్డ మనిషి రోజూ తాగుతాడు. రోజంతా బీడీలు చుట్టి నడుం పడిపోయిన మనిషి రోజూ తాగుతుంది. వాళ్ళకి టేస్టింగ్ నోట్స్ అక్కర్లేదు, తాము తాగుతున్నది కల్లో మందో తెలిస్తే చాలు. అది కూడా ఎవడూ చెప్పట్లేదు.

దీని మీద మాట్లాడితే రెండు వర్గాలు లేస్తాయి.

మొదటి వర్గం "బ్యాన్ చేసెయ్యండి" అంటుంది. చేశారుగా? హైదరాబాద్ లో 2004లో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో మళ్ళీ తెరిచారు. మధ్యలో దెబ్బతిన్నది గీత కార్మికుడు. పైగా మందుకి అలవాటుపడ్డవాణ్ణి వైద్యం లేకుండా రాత్రికి రాత్రి ఆపితే ఏమవుతుందో 2015లో చూశాం.

రెండో వర్గం "కల్లు మా సంస్కృతి, మా గౌడన్నల పొట్ట కొట్టొద్దు" అంటుంది. అయ్యా, పొట్ట కొడుతున్నది ఎవరు? చెట్టెక్కేవాడు పౌడర్ కలపడు, వాడికి ఆ అవసరం లేదు. చెట్టెక్కకుండా సీసాలు నింపేవాడే కలుపుతాడు. పౌడర్ నీళ్ళతో చెట్టు కల్లు ధరలో పోటీ పడగలదా? కల్తీని వెనకేసుకురావడమంటే గీత కార్మికుడి గొంతు కోయడమే. చెట్టు మీంచి పడిపోకుండా 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, సంతోషం. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ కూడా తెరిచారు, అదీ సంతోషమే. కానీ చెట్టు దిగిన కల్లుకి కోరుట్ల బజార్లో విలువ లేకపోతే ఈ కిట్టు కట్టుకుని ఎవడెక్కుతాడు?

మరి ఏం చెయ్యాలి? నేనడిగేవి రాకెట్ సైన్స్ కాదు.

ఒకటి. కల్లుకి టీసీఎస్ లైసెన్సులుంటాయి (నవ్వకండి, మన టీసీఎస్ కాదు, కల్లు గీత సహకార సంఘాలు). ఎవరికి ఏ చెట్లు అన్న లెక్క ఎక్సైజ్ ఆఫీసులో ఉండేదే. ఆ లెక్కని దుకాణం గోడ మీద పెయింట్ చెయ్యాలి. ఎన్ని చెట్లు, ఏ ఊర్లో, ఇవాళ ఎన్ని లీటర్లు దిగింది. అది అమ్ముడుపోగానే "ఒడిసింది" అని బోర్డు పెట్టాలి.

రెండు. ఎక్సైజ్ వాళ్ళు తీసిన శాంపిల్ ఫలితం ఫైల్లో కాదు, అదే గోడ మీద తేదీతో సహా కనిపించాలి.

మూడు. జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. వరి మీద అంత పని చేసినవాళ్ళు ఈత, తాటి మీద, నీరా నిలవ మీద కూడా చెయ్యగలరు. అడిగేవాళ్ళుండాలి.

నాలుగు. దాడులు చేసే ముందు జిల్లా ఆసుపత్రిలో మందు మాన్పించే వైద్యం సిద్ధంగా ఉండాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేసేదాకా మన చేతిలో ఉన్నది ఒకటుంది. ప్రశ్న. ఆష్‌విల్ లో గైడ్ ని ఇంగ్లీషులో అడిగినదాన్ని మన ఊళ్ళో తెలుగులో అడగడమే. "ఎక్కడి చెట్లు? ఎప్పుడు దించారు? చూపిస్తరా?" చూపించినవాడి దగ్గర పది రూపాయలు ఎక్కువైనా ఇచ్చి కొందాం. కసిరినవాడి దగ్గర సీసా అక్కడే పెట్టి వచ్చేద్దాం. కారున్నవాడు, నాలుగు మాటలు మాట్లాడగలవాడు అడక్కపోతే, మగ్గం దిగి వచ్చినవాడు అడుగుతాడా?

మీ ఊళ్ళో చెట్టు చూపించే మండువ ఇంకా ఉంటే అదృష్టవంతులు. అది మూతపడకుండా చూసుకోండి.