ముందు కొన్నవారికే చౌకా?

ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందుగా టికెట్ కొన్నవారికి ధర తగ్గించడం న్యాయమేనా అన్నది అభిమానుల మధ్య తెగని చర్చ. సమర్థించేవారి వాదనలో పస లేకపోలేదు. నిర్వాహకుల చేతికి ముందే సొమ్ము అందుతుంది. ఎందరు వస్తారో అంచనా దొరుకుతుంది. గేటు వద్ద రద్దీ తగ్గుతుంది.

అయితే ఆ రాయితీ చేరేది ఎవరికి? నెల జీతమూ, ఖాయమైన సెలవూ ఉన్నవారికి. బిచ్కుందలో మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి వద్దనో రోజు కూలికి పనిచేసే యువకుడికి తాను హైదరాబాద్ వెళ్లగలడో లేదో ముందురోజు దాకా తేలదు. కూలి వదులుకొని, బస్సు చార్జీ పెట్టుకొని వచ్చిన అతడే గేటు వద్ద పూర్తి ధర చెల్లించవలసి వస్తుంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రకు ఇది తగదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ వారసత్వంలో జిల్లాల పేద బిడ్డలకూ వాటా ఉంది.

అభిమానులు కలసి అడిగితే ధరలు దిగివస్తాయి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్ 77 పౌండ్ల టికెట్‌ను ప్రతిపాదించినప్పుడు వేలాది మంది 77వ నిమిషంలో స్టేడియం విడిచి వెళ్లారు. కొద్దిరోజులకే యాజమాన్యం వెనక్కి తగ్గింది. మనమూ అడగాలి: రాయితీ టికెట్లలో కొంత భాగాన్ని మ్యాచ్ రోజున గేటు వద్ద అమ్మాలి, రాలేనివారు తమ టికెట్‌ను అదే ధరకు మరొకరికి ఇచ్చే వీలుండాలి. ముందుగా కొనలేకపోవడం నేరం కాదు. దానికి పేదవాడిపై జరిమానా వేయరాదు.