ముసలి బ్యాటరీకి వైద్యమేది?

శ్రీలంక 2020 మార్చిలో వాహనాల దిగుమతిని నిలిపివేసింది. విదేశీ మారకద్రవ్యం అడుగంటిన ఆ దేశం 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపునే ఆపింది. ప్రైవేటు కార్లకు మళ్లీ తలుపులు తెరచినది 2025 ఫిబ్రవరిలో. ఈ మధ్యకాలంలో అక్కడి మధ్యతరగతిలో అనేకులకు దిక్కయినవి, అంతకుముందు జపాన్ నుంచి వచ్చిన పాత హైబ్రిడ్ కార్లే. ప్రభుత్వ ఉత్తర్వు కార్లను ఆపగలిగిందే కాని, వాటిలోని బ్యాటరీల వయసును ఆపలేకపోయింది.

2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్‌లో 28 మాడ్యూళ్లు, ఒక్కొక్కదానిలో ఆరేసి చొప్పున 168 నికెల్ సెల్లు వరుసగా కలిపి ఉంటాయి. జోడెడ్లలో కుంటి ఎద్దు నడకే బండి నడక అయినట్లు, ఒక్క సెల్ నీరసిస్తే బ్యాటరీ అంతా దాని స్థాయికి దిగిపోతుంది. చెడిన మాడ్యూలును తీసి, మరో పాత కారుదాన్ని బిగించడం మెకానిక్కులు ఎంచుకున్న చవక మార్గం. అయితే మిగిలినవన్నీ అదే వయసువి; కొద్ది నెలల్లో మరొకటి పడకేయవచ్చు. సామర్థ్యం కొలిచి జత కూర్చకపోతే ఆ కొద్ది నెలలైనా దక్కవు. పైగా అది 200 వోల్టుల పెట్టె. రక్షణ ప్లగ్గు తీసినా లోపలి మాడ్యూళ్లలో విద్యుత్తు ఉండనే ఉంటుంది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల వ్యవహారం ఇంకా జటిలం. మామూలు హైబ్రిడ్ తన బ్యాటరీని మధ్యస్థాయిలోనే వాడుకుంటుంది; ప్లగ్-ఇన్ కారు దానిని బాగా నింపి, బాగా ఖాళీ చేస్తుంది. 2013లో జపాన్‌లో విడుదలైన మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్‌లో 80 లిథియం సెల్లు, 12 యూనిట్ల విద్యుత్తు నిల్వ. అన్ని సెల్లూ కలిసి అరిగినప్పుడు ఒకటి రెండు మార్చితే తగ్గిన దూరం తిరిగి రాదు. అన్నీ మార్చితే కొత్త సామర్థ్యాన్ని కారు కంప్యూటరు గుర్తించాలి. ఆ సాఫ్ట్‌వేర్ తాళంచెవి తయారీదారు చేతిలో ఉంటుంది. మొత్తం బ్యాటరీ మార్చుకోమనడం, పన్ను నొప్పికి దవడ మార్చమనడమే.

మన దేశానికి ఇది పొరుగింటి గొడవ కాదు. 2022లో రంగప్రవేశం చేసిన మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ హైబ్రిడ్ల బ్యాటరీలకు వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. అంటే తొలి కార్లకు 2030లో గడువు తీరుతుంది. మరమ్మతు హక్కుపై 2022 జులైలో కేంద్రం వేసిన కమిటీ పరిధిలో ఆటోమొబైల్ రంగమూ ఉంది. ఆ ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ కూడా వచ్చింది. సమాచారం ఇస్తే సెల్ దొరకదు కదా! ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీల సేకరణ భారాన్ని ఉత్పత్తిదారులపై మోపాయి. బతికించగల బ్యాటరీని వ్యర్థం కానీయకపోవడం అంతకు ముందు మెట్టు. ఐరోపా సమాఖ్య 2023 నాటి చట్టంలో, బ్యాటరీ ఆరోగ్య వివరాలు చూసే హక్కును కొన్నవారికీ, స్వతంత్ర మరమ్మతుదారులకూ ఇచ్చింది. ఇక్కడ కేంద్రం ఆ హక్కుతో పాటు, మాడ్యూళ్లను విడిగా విక్రయించే షరతును కూడా 2030కి ముందే విధించాలి. అధిక వోల్టేజి పెట్టెను తెరిచే శిక్షణ ఐటీఐలలో ఇప్పుడే మొదలు కావాలి.