కరెంటు కబురు కూడా తెలుగులోనే చెబుదాం

ఈసారి వ్యాకరణం కాదు, నా అభిప్రాయం ఒకటి రాస్తున్నాను. ఇంటి భాషను పెద్దయ్యాక నేర్చుకునే మనం తెలుగును ఎక్కువగా పాత విషయాలకే వాడుతున్నాం. పండగ, పూజ, పెళ్ళి, పిండివంటలు, తాతల ఊరు. వీటికి మన దగ్గర మాటలు ఉన్నాయి. ఈ రోజు వీధిలో ఏం జరిగిందో చెప్పాలంటే మాత్రం వెంటనే వేరే భాషలోకి మారిపోతాం. ఇక్కడ యాంగోన్‌లో మేం బర్మా భాషలోకి మారతాం. ఊరి వార్త చెప్పలేని తెలుగు ఎక్కువ కాలం ఇంట్లో నిలవదని నా నమ్మకం.

ఇక్కడ రోజూ అందరూ మాట్లాడుకునేది కరెంటు గురించి. అది వంతుల ప్రకారం వస్తుంది. మన వంతు ఎప్పుడో తెలిస్తేనే అన్నం వండుకోగలం, మోటారు వేసి ట్యాంకు నింపుకోగలం. కరెంటు రాగానే పిల్లలు "మీ లా బీ!" అని అరుస్తారు. "మీ" అంటే నిప్పు, దీపం. "లా" అంటే రావడం. తెలుగులో దీనికి సరైన మాట "కరెంటొచ్చింది!" ఆంధ్రాలో పిల్లలు కూడా ఇలాగే అరుస్తారు. "విద్యుత్ సరఫరా పునరుద్ధరణ" అని ఏ పిల్లవాడూ అరవడు. మనం ముందు నేర్చుకోవలసింది అరిచే మాట. పేపర్లో వచ్చే మాట తర్వాత నేర్చుకోవచ్చు.

రెండో వార్త ప్రయాణం. యాంగోన్‌లో 2003 నుంచి మోటారు సైకిళ్ళకు అనుమతి లేదు. అందుకే శివారు జనానికి బస్సులే ఎక్కువ దిక్కు. 2017 జనవరిలో పాత బస్సు లైన్ల బదులు వైబీఎస్ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఊరి చుట్టూ తిరిగే రైలు కూడా ఉంది. దాని దారి దాదాపు 46 కిలోమీటర్లు. ఇన్సేన్, డన్యిన్‌గోన్, మింగలాడోన్ మీదుగా తిరిగి ఊళ్ళోకి వస్తుంది. డన్యిన్‌గోన్‌లో పెద్ద కూరగాయల బజారు ఉంది. అక్కడ ఆకుకూరల మూటలు రైలెక్కుతాయి. నది దాటి డలా వెళ్ళడానికి పాన్సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కవచ్చు. ఎక్కడం, దిగడం, మూట, చిల్లర, ఆలస్యం, రేవు: ఇవన్నీ చిన్న మాటలే. రోజూ పనికొచ్చే మాటలు.

వీటిలో "రేవు" మా వాళ్ళకు కొత్త మాట కాదు. ఇక్కడ తెలుగువాళ్ళను "కోరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు వల్ల వచ్చిన పేరు అది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. ఓడల్లో సరుకు ఎత్తి దించిన కూలీలలో చాలామంది తెలుగువాళ్ళు. 1930 మే నెలలో వాళ్ళు సమ్మె చేశారు. అప్పుడు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మా కూలీలను పంపేశారు. దాంతో ఊళ్ళో పెద్ద అల్లర్లు జరిగాయి. ఆ రోజుల్లో ఇక్కడి తెలుగు పూజగది తెలుగు మాత్రమే కాదు. కూలి ఎంత, ఓడ ఎప్పుడు, గొడవ ఎక్కడ అని అడిగే పని తెలుగు.

1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు చాలామంది నడిచి కూడా ఇండియాకు వెళ్ళిపోయారు. 1962లో సైన్యం అధికారం తీసుకున్నాక, 1964లో దుకాణాలు ప్రభుత్వపరం అయ్యాక, ఇంకా ఎంతోమంది ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఆ సంగతి ఇంకా గుర్తుచేస్తుంది. ఉండిపోయిన వాళ్ళకు తెలుగుతో చేసే పని తగ్గిపోయింది. భాష వీధి నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి దేవుడి పటం దగ్గరికి జరిగింది.

దీనివల్ల నష్టం ఏమిటో 2025 మార్చి 28న మా ఇంట్లో కనిపించింది. ఆ రోజు మాండలే, సగైంగ్ వైపు 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. యాంగోన్‌కు పెద్ద దెబ్బ తగల్లేదు, కానీ ఊపు ఇక్కడా తెలిసింది. శ్రీకాకుళం వైపు చుట్టాలు ఫోన్ చేసి "ఏటైందే, ఇల్లు బాగుందా?" అని అడిగారు. మా వయసు వాళ్ళం "బాగున్నాం" అని ఫోన్ అమ్మమ్మకు ఇచ్చాం. గోడ ఊగింది, దీపం ఊగింది, అందరం కిందికి పరిగెత్తాం అని చెప్పింది అమ్మమ్మే. అమ్మమ్మ లేని రోజున ఆ ఫోన్ ఎవరికి ఇస్తాం?

"బర్మా మాటలు కలిస్తే తెలుగు చెడిపోదా?" అని కొందరు అడుగుతారు. నేను ఒప్పుకోను. కరెంటు, రైలు, బస్సు బయటి నుంచి వచ్చి తెలుగు అయిపోయాయి. మొహింగాను మొహింగా అనే అందాం. "పొద్దున మొహింగా తిని రైలెక్కాను" అన్నది మంచి తెలుగు వాక్యమే. క్రియ తెలుగైతే చాలు, వాక్యం నిలబడుతుంది.

నేను చేస్తున్నది ఇది. రాత్రి పడుకునే ముందు మా పేట వార్త నాలుగు వాక్యాల్లో రాస్తాను. ఆరు క్రియలతో మొదలుపెట్టవచ్చు: వచ్చింది, పోయింది, ఆగింది, పెరిగింది, తగ్గింది, దొరికింది. ఉదాహరణకు:

"తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు వచ్చింది. మోటారు వేసి ట్యాంకు నింపాం. వాన వల్ల బస్సు చాలాసేపు ఆగింది. నూనె ధర మళ్ళీ పెరిగింది."

రాసింది పక్కన పెట్టేయకుండా గొంతెత్తి చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళకు వినిపించండి, లేకపోతే చుట్టాలకు ఫోన్‌లో చెప్పండి. మీరు మారిషస్‌లో ఉన్నా, డర్బన్‌లో ఉన్నా, మలేషియాలో ఉన్నా మీ వీధిలో ఈ రోజు ఏదో ఒకటి జరిగే ఉంటుంది. తాతల కథలు మనకు ఎలాగూ కావాలి. వాటి పక్కన ఈ నాలుగు వాక్యాలకు కూడా చోటు ఇద్దాం.