ఫణిగిరి గుట్ట ఎక్కని బి.ఏ.

ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ వెళ్లాయి. మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళపై జరిగిన ప్రదర్శనలో వాటికి చోటు దక్కింది. ఫణిగిరి ఉన్నది సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో. ఆ గుట్ట ఒక్కసారీ ఎక్కకుండానే సూర్యాపేటలో చరిత్ర చదివి బి.ఏ. పట్టా పుచ్చుకోవచ్చు. మన చిన్న పట్టణాల ఆర్ట్స్ చదువుకు పట్టిన జబ్బు ఇదే.

ఈ చదువు మనకు తేరగా రాలేదు. నిజాం కాలంలో డిగ్రీ అంటే హైదరాబాదే. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగింటి రైతు బిడ్డకు దూరం, ఖర్చు, భాష మూడూ అడ్డే. కోదాడ పక్కనున్న చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన కూడిన ఆంధ్ర మహాసభ వెనుక ఈ ఉక్కపోత కూడా ఉంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు మాగాణులయ్యాయి. రైస్ మిల్లులు లేచాయి. రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడితేనే పిల్లల చదువు ముందుకు సాగుతుంది. మిర్యాలగూడ కె.ఎన్.ఎం., కోదాడ కె.ఆర్.ఆర్. వంటి ప్రభుత్వ కళాశాలలు ఇంటి దగ్గరే డిగ్రీని అందించాయి. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చన్న భరోసాతోనే ఎన్నో ఇళ్లు ఆడపిల్లలను కాలేజీకి పంపాయి.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక చూపంతా ఇంజినీరింగ్ మీదికి మళ్లింది. ఎక్కడా సీటు రానివాళ్ల చదువన్న ముద్ర బి.ఏ. మీద పడింది. ‘బి.ఏ. చదివితే ఏమొస్తుంది?’ అన్న తల్లిదండ్రుల ప్రశ్నను తోసిపుచ్చలేం. కానీ సూర్యాపేటలో బి.ఏ. చదివిన విద్యార్థే రేపు గ్రూప్స్ పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ చేరి, అద్దె గదిలో ఉండి, కోచింగ్‌కు డబ్బు కట్టి చదివేదేమిటి? తెలంగాణ చరిత్ర, సాయుధ పోరాటం. ఆ పోరాట నాయకులు భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం పుట్టిన కరివిరాల కొత్తగూడెం అతని సొంత జిల్లాలోని ఊరే. తన ఊరి సంగతిని తానే కొనుక్కుని బట్టీ పడుతున్నాడు.

సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేసింది. ఆ పని చేసింది హైదరాబాద్ నుంచి వచ్చిన కార్యకర్తలు, పరిశోధకులు. ఆ పోరాటం నడిచిన పల్లెలు మన కళాశాలలకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. అయినా ఆ పని మన చేతిమీదుగా జరగలేదు. 2022లో మల్లు స్వరాజ్యం కన్నుమూశారు. ఆ తరాన్ని అడిగే అవకాశం దాదాపు జారిపోయింది.

మరో అవకాశం ఇంకా మిగిలి ఉంది. కాలువ నీళ్లు తొలిసారి పొలంలో పారడం చూసిన ఇరవై ఏళ్ల యువకులు ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. మెట్ట మాగాణి అయినప్పుడు ఎవరి భూమి ఎవరి చేతిలోకి వెళ్లింది? కాలువ చివరి భూములకు నీళ్లెందుకు అందలేదు? మిల్లు హమాలీ కూలి ఎలా తేలింది? ఒక్కొక్కటీ ఆర్థికశాస్త్రంలో, రాజనీతిశాస్త్రంలో ఒక పాఠం. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు చాలాచోట్ల జిరాక్స్ షాపు సరుకైపోయింది. దాన్ని ఈ పెద్దల మాటలు రికార్డు చేసే పనికి మళ్లించడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఈ కళాశాలలు అనుబంధంగా ఉన్న మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఒక నిర్ణయం తీసుకోవాలి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులను ప్రభుత్వం నింపాలి. విద్యార్థి చేతిలో ఫోన్ ఉంది, అందులో రికార్డర్ ఉంది. తాత ఇంకా అరుగు మీదే ఉన్నాడు.