వేడెక్కిన తరువాతి కొలత

శిక్షణార్థులు తయారుచేసే నమూనా ఆవిరియంత్రాలలో తరచుగా కనిపించే చిక్కు ఒకటి ఉన్నది. చల్లగా ఉన్నప్పుడు చక్రాన్ని వేలితో తోస్తే యంత్రం హాయిగా తిరుగుతుంది. ఆవిరి వదలిన కొద్దిసేపటికే బిగుసుకుపోతుంది. ఇందులో లోపం పనితనంలో కంటె లెక్కలోనే ఎక్కువని మా అభిప్రాయం.

25 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలిండరునే తీసుకుందాం. వేడిమి 100 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు ఆ వ్యాసం పోత ఇనుములో దాదాపు 0.03 మి.మీ., ఇత్తడిలో 0.05, అల్యూమినియంలో 0.06 మేరకు పెరుగుతుంది. కనుక పోత ఇనుప సిలిండరులో అల్యూమినియం పిస్టనును 0.02 మి.మీ. సందుతో అమర్చి మురిసిపోతే, ఆవిరి తగిలేసరికి ఆ సందు మాయమవుతుంది. రెండింటికీ ఒకే లోహం వాడితే ఈ బెడద చాలావరకు తీరుతుంది. పూర్తిగా తీరదు, సిలిండరు బయటి గాలికి కొంత వేడిని వదులుకుంటుంది, పిస్టనుకు ఆ వెసులుబాటు లేదు.

మరి సందు ఎక్కువైతే ఆవిరి జారిపోదా అని అడగవచ్చు. జేమ్స్ వాట్‌ను వేధించిన ప్రశ్న కూడా ఇదే. న్యూకమెన్ యంత్రంలో పిస్టను అంచుకు తోలు చుట్టి, పైన నీరు నిలిపి సందును మూసేవారు. సిలిండరును సదా వేడిగా ఉంచదలచిన వాట్‌కు ఆ నీటి ఆసరా పోయింది. 1775 ప్రాంతంలో విల్కిన్సన్ కొత్త తొలిచే యంత్రం వచ్చాకగాని ఆయన కష్టం గట్టెక్కలేదు. 50 అంగుళాల సిలిండరులో తేడా పాత షిల్లింగు నాణెం మందమైనా లేదని వాట్ భాగస్వామి బోల్టన్ సంతోషించాడు! మిగిలిన సందును కొవ్వు పట్టించిన నారతో పూడ్చుకున్నారు.

మన నమూనాకూ అదే మార్గం. పిస్టను చుట్టూ గాడి తీసి, గ్రాఫైటు పట్టించిన నూలుతాడు చుట్టాలి. కూరి కూరి నింపితే చిన్న యంత్రం తన శక్తినంతా రాపిడికే ధారపోస్తుంది.

సానముద్ద పూసి పిస్టనునే సిలిండరులో ఆడించి నునుపు చేసే పద్ధతి మాకు సమ్మతం కాదు. గన్‌మెటల్ వంటి మెత్తని లోహంలో ఆ రేణువులు గుచ్చుకుని, తరువాత కూడా అరగదీస్తూనే ఉంటాయి. అందుకు వేరే ల్యాపు చేసుకోవాలి.

తాడు చుట్టేముందు రెండు భాగాలనూ మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచి, పటకారుతో తీసిన వెంటనే ఒకదానిలో ఒకటి జార్చి చూడండి. ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ సిరా రంగు పూసి గుర్తుపెట్టుకుని, చల్లారిన తరువాత లేతుకు ఎక్కించండి.