అరిగిన గేర్ నాబ్‌కి ఎంత రిపేర్ చాలు?

రిస్టొరేషన్ వీడియోలు చూడనివాళ్లు మన హాస్టల్లో ఉంటారని నేను అనుకోను. పాత వస్తువు ఒకటి వస్తుంది, దాని మీద సాండ్ పేపర్ తిరుగుతుంది, పది నిమిషాల్లో అది అద్దంలా మెరుస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ పాత స్పోర్ట్స్ కారు చెక్క గేర్ నాబ్‌కి ఆ పద్ధతి పనికిరాదని నా వాదన. గుప్పెట్లో పట్టే వస్తువు గురించి ఇంత వాదన ఎందుకంటారా? ఆ గుప్పెట్లోనే ఉంది అసలు విషయం.

ఆల్ఫా రోమియో స్పైడర్‌నే తీసుకోండి. 1966లో వచ్చిన ఇటలీ కారు, పినిన్‌ఫరీనా డిజైన్, టాప్ మడిచేసి నడపొచ్చు. 1967 నాటి ‘ది గ్రాడ్యుయేట్’ సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ నడిపేది ఇదే. 1970ల స్పైడర్లలో చెక్క గేర్ నాబ్ ఉన్నవి కనిపిస్తాయి. టాప్ తీసి తిరిగే కారు కాబట్టి ఎండ నేరుగా నాబ్ మీద పడుతుంది. వార్నిష్ పెళుసెక్కి పగులుతుంది. ఆ పగుళ్లలోంచి చెమట లోపలికి దిగి చెక్క నల్లబడుతుంది. ఇంకో పక్క, అరచెయ్యి ఆనే చోట వార్నిష్ మొత్తం పోయి చెక్క నున్నగా తేలుతుంది. ఇటలీలో స్టీరింగ్ ఎడమవైపు, గేర్ మార్చేది కుడిచెయ్యి. కాబట్టి ఆ నునుపు కూడా కుడి అరచెయ్యి ఎలా ఆనితే అలాగే ఉంటుంది. ఎండ వల్ల జరిగింది నష్టం. చెయ్యి వల్ల ఏర్పడింది గుర్తు. ఈ రెండిటినీ ఒకే సాండ్ పేపర్‌తో తుడిచెయ్యడమే నాకు నచ్చనిది.

అలాగని ఏమీ ముట్టుకోవద్దని కాదు. ముందు చూడాల్సింది పైన కాదు, లోపల. నాబ్ గేర్ రాడ్‌కి మరతో బిగుస్తుంది. ఆ మర వదులైతే గేర్ మారుస్తున్నప్పుడు నాబ్ చేతిలోకి ఊడొచ్చేస్తుంది. చెక్కలో ఉన్న లోహపు మర ముక్క కదులుతుంటే ఎపాక్సీతో కూర్చోబెట్టాలి. రాడ్ థ్రెడ్‌కి కాస్త మైనం రాస్తే, జిగురు పొరపాటున రాడ్‌కి అంటుకోదు. ఇది సేఫ్టీ సంగతి, ఇందులో సెంటిమెంట్‌కి చోటు లేదు.

తర్వాత పైభాగం. లేచిపోయిన వార్నిష్‌ని మెల్లగా గీకి తీసెయ్యాలి, పగుళ్లలో సన్నగా జిగురు నింపాలి, సన్నరకం సాండ్ పేపర్‌తో అంచులు కలపాలి. అక్కడితో ఆగాలి. మచ్చ పోయేదాకా రుద్దితే సైజు తగ్గుతుంది. పైన బిళ్ల బిగించిన నాబ్ అయితే బిళ్ల చెక్క కంటే పైకి లేచి చేతికి గుచ్చుకుంటుంది. గేర్ల బొమ్మ చెక్క మీదే చెక్కి ఉంటే అదీ చెరిగిపోతుంది. అది అలంకారం కాదు, రివర్స్ ఎటుందో చెప్పే డాక్యుమెంటేషన్!

పూతగా షెల్లాక్ వేద్దామని మనలో కొందరికి అనిపించొచ్చు. షెల్లాక్ అంటే లక్కే. మన ఏటికొప్పాక బొమ్మల మీద, లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకి అద్దేది కూడా ఆ లక్కనే. మెరుపు బాగుంటుంది. కానీ షెల్లాక్ ఆల్కహాల్‌కి కరుగుతుంది, శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే జిగటౌతుంది. చేతిలో నలిగే నాబ్‌కి టంగ్ ఆయిల్ నయం. పలచగా రాసి, తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ రాయాలి. అదే థ్రెడ్ ఉన్న బోల్టుకి నాబ్ బిగించి వేలాడదీస్తే, ఆరేదాకా ముట్టుకునే పని ఉండదు.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ట్యూరిన్ చార్టర్ అని ఒకటి ఆమోదించింది. దాని సారం: ఉన్నదాన్ని వీలైనంత కాపాడు, చేసిన మార్పుని రాసిపెట్టు. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, ప్రతి మార్పుకీ కమిట్ మెసేజ్ ఉండాలి, కుదిరితే రివర్ట్ చెయ్యగలగాలి. ఆయిల్ పూత నచ్చకపోతే తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు. రుద్ది పారేసిన చెక్కకి మాత్రం బ్యాకప్ లేదు.

“కొత్త నాబ్ దొరుకుతుంది కదా, మార్చేస్తే పోలా?” అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చెక్క నిలువునా చీలిపోతే నేనూ మార్చెయ్యమనే అంటాను, పాతది మాత్రం డబ్బాలో దాచమంటాను. కారు ఓనర్‌ది, డబ్బూ ఆయనదే. కానీ ఆ కారు ఆయన కంటే ముందు ఎవరో నడిపారు, తర్వాత ఇంకెవరో నడుపుతారు. ఇంజిన్ పార్టులు మారతాయి, సీట్లు మారతాయి, పెయింట్ మారుతుంది. మనిషి చెయ్యి అరగదీసిన చోటు, కారు మొత్తంలో ఇలాంటిది ఏ ఒక్కటో రెండో మిగులుతుంది. దాన్ని షోరూమ్ ముక్కలా చేస్తే కొత్తదనం రాదు, పాత కారులో కొత్త వస్తువు ఒకటి వచ్చి చేరుతుంది, అంతే.

అందుకే నా లెక్క ఇది: ఊడేది బిగించండి, పగిలింది పూడ్చండి, చెమట దిగకుండా పూత వెయ్యండి. మొదలుపెట్టే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. అరచెయ్యి ఆనిన ఆ నునుపు జోలికి మాత్రం వెళ్లకండి. అది రిపేర్ లిస్టులోకి రాదు.